"అన్నీ చేయమంటారా?" అని అడగడం మానేద్దాం

ఐసీయూ తలుపు బయట, ఎక్కువగా రాత్రిపూట, డ్యూటీ డాక్టర్ ఒకరు రోగి కొడుకునో కూతురినో పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. "పరిస్థితి ఏం బాగోలేదండీ. గుండె ఆగిపోతే అన్నీ చేయమంటారా?" నిలబడే అడుగుతారు. నిమిషంలో అయిపోతుంది. జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. "చేయండి డాక్టర్ గారూ, ఏది వీలైతే అది చేయండి." కేస్‌షీట్‌లో 'ఫుల్ కోడ్', అంటే గుండె ఆగితే అన్నీ చేయాలి, అన్న మాట పడుతుంది, అందరూ ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లిపోతారు.

ఈ ప్రశ్నకి వేరే జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది? "వద్దు, కొన్నే చేయండి" అని కన్నతండ్రి గురించి ఏ బిడ్డ అనగలదు? అడిగిన తీరులోనే జవాబు ఉంది. 'అన్నీ' అన్న మాట పక్కన కనబడకుండా 'ఏమీ చేయకుండా వదిలేయడం' అన్న మాట నిలబడి ఉంటుంది. బిడ్డకి ఆ రెండోదే వినిపిస్తుంది. వైద్యపరమైన నిర్ణయాన్ని డాక్టర్లమైన మనం ప్రేమకి పరీక్షగా మార్చి, ఆ పరీక్ష పేపర్ వాళ్ల చేతిలో పెడుతున్నాం.

వైద్యనీతి గురించి మాట్లాడితే ఈ రోజుల్లో కృత్రిమ మేధ, జన్యు సవరణ ముందుకొస్తాయి. వాటి గురించి మాట్లాడాల్సిందే. కానీ రోజూ, ప్రతి షిఫ్టులో, ప్రతి ఐసీయూలో జరుగుతున్న నీతి సమస్య ఈ ఒక్క వాక్యంలో ఉందని నా నమ్మకం. ఈ ప్రశ్న వల్లనే పుట్టే ఇంకో పని ఉంది, స్లో కోడ్, అంటే ఆగిన గుండెని తిరిగి నడిపిస్తున్నట్టు నటించడం. బయటివాళ్లకి తెలియదు, లోపలివాళ్లు పైకి అనరు. ఈ రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు.

ఛాతీ మీద చేతులు పెట్టినప్పుడు

సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి రక్తాన్ని నడిపించడం. అది చేసేవాళ్లకి ఈ కింది పద్ధతంతా కంఠతా వచ్చు. కుటుంబంతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇందులో ఒక్క ముక్కా నోట రాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి అడుగుభాగం ఆనించి, మోచేతులు వంచకుండా, పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. లేవకపోతే గుండెలోకి రక్తం తిరిగి రాదు. రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి, ఎందుకంటే అలసిపోయిన చేయి తనకు తెలియకుండానే లోతు తగ్గిస్తుంది. మధ్యలో ఆపినా పది సెకన్లు దాటకూడదు. ఇంత పద్ధతిగా చేసినా మామూలు గుండె పంపే రక్తంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే ముందుకు వెళుతుంది. వయసు మళ్లినవాళ్లలో పక్కటెముకలు విరగడం మామూలు. సరిగ్గా నొక్కుతుంటేనే విరుగుతాయి.

ఐసీయూ పరుపు మెత్తన, గాలి పరుపైతే మరీ మెత్తన. పెట్టిన బలంలో కొంత పరుపులోకే పోతుంది. అందుకే పరుపులో గాలి దించేసే సీపీఆర్ లివర్ ఒకటి మంచానికి ఉంటుంది. వీపు కింద దూర్చడానికి గట్టి బోర్డు ఒకటి మంచం తల దగ్గర గోడకో, అత్యవసర మందులూ పరికరాలూ ఉండే బండి, అంటే క్రాష్ కార్ట్, వెనకో వేలాడుతూ ఉంటుంది. ఈ బోర్డుని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఈ పద్ధతి 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్య సంస్థ నుంచి వచ్చింది. కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ముగ్గురూ కలిసి జామా అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసంలో ఉన్నది 20 మంది రోగులు. వాళ్లలో 70 శాతం మంది బతికి బయటపడ్డారు. అది చూసి ప్రపంచం ఊగిపోయింది, ఊగిపోవాల్సిందే. కానీ వాళ్లలో చాలామంది మత్తు ఇచ్చినప్పుడో ఆపరేషన్ వేళో గుండె హఠాత్తుగా ఆగినవాళ్లు. అంటే మిగతా ఒళ్లంతా బతకడానికి సిద్ధంగా ఉంది, గుండె ఒక్కటే తప్పటడుగు వేసింది. అలాంటివాళ్లకి సీపీఆర్ వరం. గుండెపోటు వచ్చి, గుండె కొట్టుకోకుండా వణికిపోయే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌లోకి వెళ్లిన యాభై ఏళ్ల మనిషికి తొలి రెండు మూడు నిమిషాల్లో షాక్ అందితే, వారం తిరక్కుండా నడిచి ఇంటికి వెళ్లవచ్చు. ఆ మనిషి విషయంలో ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, పరుగెత్తాలి.

ఇంకో రకం ఉంది. కాలేయం, కిడ్నీలు, ఊపిరితిత్తులు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించి, రక్తపోటు నిలబెట్టే నార్ అడ్రినలిన్ గంటగంటకీ పెంచుతూ పోతూ, అన్నిటికన్నా చివర గుండె ఆగేది. ఇక్కడ గుండె ఆగడం జబ్బు కాదు, జబ్బుకి ముగింపు. మానిటర్ మీద కనబడేది షాక్ ఇవ్వదగ్గ లయ కాదు, సన్నటి గీతో, నాడి లేని లయో. ఛాతీ నొక్కి ఒకవేళ తిరిగి కొట్టించినా, ఆపిన కారణం అక్కడే కూర్చుని ఉంటుంది. ఇలాంటి కేసులన్నీ నమోదు చేసే పెద్ద రిజిస్ట్రీలున్న దేశాల లెక్క ప్రకారం ఆసుపత్రిలో గుండె ఆగిన పెద్దవాళ్లలో నాలుగైదుగురికి ఒకరు ఇంటికి వెళతారు. పైన చెప్పిన రెండు రకాలనూ కలిపి తీసిన సగటు అది. రెండో రకం రోగి కుటుంబానికి ఆ సగటు చెప్పడం కూడా ఒక విధంగా తప్పుదారి పట్టించడమే.

మందు సంగతి కూడా చెప్పాలి. కోడ్‌లో, అంటే ఆగిన గుండెని తిరిగి నడిపించే ప్రయత్నంలో, ప్రతి 3 నుంచి 5 నిమిషాలకి ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇస్తాం. 2018లో బ్రిటన్ నుంచి వచ్చిన ప్యారామెడిక్2 అధ్యయనం ఆసుపత్రి బయట గుండె ఆగిన 8,014 మందిని తీసుకుని, కొందరికి అడ్రినలిన్, కొందరికి ఉత్త సెలైన్ ఇచ్చి చూసింది. ముప్పై రోజులకి బతికున్నవాళ్లు అడ్రినలిన్ వైపు 3.2 శాతం, సెలైన్ వైపు 2.4 శాతం. తేడా ఉంది. కానీ బతికి డిశ్చార్జ్ అయినవాళ్లలో తీవ్రమైన మెదడు నష్టంతో ఉన్నవాళ్లు అడ్రినలిన్ వైపు 31 శాతం, సెలైన్ వైపు 17.8 శాతం. గుండెను నడిపించడం ఒక సంగతి, మనిషిని తిరిగి తేవడం ఇంకో సంగతి. బయట బెంచీ మీద కూర్చున్న కుటుంబానికి 'అన్నీ' అన్న మాటలో ఈ తేడా వినబడదు. సీపీఆర్ గురించి వాళ్లు చూసిందల్లా తెర మీదే. అమెరికా టీవీ సీరియళ్లలోని 60 సీపీఆర్ సన్నివేశాలను 1996లో పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, 75 శాతంలో రోగి అప్పటికప్పుడు బతికాడు.

బోర్డు గోడకే ఉండిపోయిన రాత్రి

స్లో కోడ్ దగ్గరనుంచి చూస్తే ఇలా ఉంటుంది. రాత్రి రెండూ నలభై. మానిటర్ అలారం మోగుతుంది. నర్సు బటన్ నొక్కుతుంది. డాక్టర్ వస్తాడు, కానీ పరుగెత్తి కాదు, నడిచి. కర్టెన్ లాగుతారు. బోర్డు గోడకే వేలాడుతూ ఉంటుంది, ఎవరూ తీయరు. పరుపు లివర్ ఎవరూ లాగరు. ఛాతీ మీద చేతులు పడతాయి, కదులుతాయి, కానీ రెండు సెంటీమీటర్లు దిగవు. ఊపిరి ట్యూబ్‌కి, బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే క్యాప్నోగ్రాఫ్ తగిలించి ఉంటే దాని మీద అంకె ఆరు దగ్గరే ఉంటుంది. మంచి కంప్రెషన్ పడుతుంటే అది పది దాటాలి, ఇరవై దాకా పోతే ఇంకా మంచిది. ఆరుని ఎవరూ పైకి చదవరు. అడ్రినలిన్ ఆంప్యూళ్లు పగులుతాయి. పన్నెండు నిమిషాలకి "సమయం ఎంత?" అంటాడు డాక్టర్. కోడ్ షీట్ మీద నర్సు రాస్తుంది: ఆరంభం 2:42, అడ్రినలిన్ మూడు డోసులు, హై క్వాలిటీ సీపీఆర్, మరణం 2:54. బయటికి వచ్చి "మా ప్రయత్నం మేం చేశామండీ" అంటారు.

ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ దుర్మార్గులు కారు. పైగా ఆ రోగి మీద జాలి ఉన్నవాళ్లే. ఎనభై రెండేళ్ల మనిషి పక్కటెముకలు విరగ్గొట్టడానికి చేతులు రాక అలా చేశారు. ఈ బాధకి ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త 1984లోనే 'మోరల్ డిస్ట్రెస్' అని పేరు పెట్టాడు. సరైనదేదో తెలిసి, అది చేసే వీలు లేకపోవడం. నర్సులకీ జూనియర్లకీ ఇది ఎక్కువ. నిర్ణయం వాళ్లది కాదు, చేతులు మాత్రం వాళ్లవి.

అయినా ఇది అబద్ధమే. మూడు చోట్ల అబద్ధం. కుటుంబానికి చెప్పిన మాట అబద్ధం. కోడ్ షీట్ మీద రాసిన రాత అబద్ధం, ఆ రాత మీద సంతకం నర్సుది. మూడోదాని గురించి ఎక్కువమంది ఆలోచించరు. పక్కన నిలబడి చూస్తున్న ఇంటర్న్‌కి ఏది అసలు సీపీఆరో ఏది నటనో ఆ రాత్రి కలగలిసిపోతుంది. రేపు నిజంగా బతకాల్సిన మనిషి గుండె ఆగినప్పుడు అదే చేయి అదే రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగితే? చేయి అలవాటు పడుతుంది. ఎవరి మీద నటించాలో ఎవరి మీద నటించకూడదో విడివిడిగా గుర్తుపెట్టుకునే శక్తి దానికి ఉండదు.

ఎదుటి వాదనలో బలం

స్లో కోడ్‌ని సమర్థించేవాళ్లు లేకపోలేదు. 2011లో లాంటోస్, మెడో అనే ఇద్దరు వైద్యులు అమెరికన్ జర్నల్ ఆఫ్ బయోఎథిక్స్‌లో దీన్ని వెనకేసుకొస్తూ రాశారు. ఆ వాదనని తేలిగ్గా తీసేయలేం. వచ్చే మరణాన్ని తన నోటితో ఒప్పుకోలేని తల్లి ఉంటుంది. బిడ్డ కోసం చివరిదాకా ఏదో జరిగింది అన్న తృప్తి ఆమెకి కావాలి. ఆమె చేత 'వద్దు' అనిపించి సంతకం పెట్టించుకోవడం క్రూరత్వం. అలాంటప్పుడు చేసే కొద్దిపాటి సీపీఆర్ ఒక కర్మకాండ లాంటిది, రోగికి నొప్పి లేదు, తల్లికి ఊరట ఉంది, ఇందులో తప్పేముంది అని వాళ్ల ప్రశ్న.

తల్లి గురించి వాళ్లన్నదంతా నిజమే. ఆమె నోట ఆ మాట రప్పించకూడదు. కానీ దానికి అబద్ధం అవసరం లేదు, మాట చాలు. "అమ్మా, గుండె ఆగితే ఛాతీ నొక్కడం వల్ల బాబుకి మేలు జరగదని మా అందరికీ అనిపిస్తోంది. అందుకని అది చేయం. ఈ నిర్ణయం మాది. మీరు అవునని అనక్కర్లేదు. ఇది మీకు సమ్మతం కాకపోతే మాత్రం చెప్పండి, మళ్లీ మాట్లాడదాం." ఇంత చెప్పాక ఆమె మౌనంగా ఉంటే అది సమ్మతి. భారం ఎవరు మోయాలో వాళ్లే మోశారు. సమ్మతం కాదు అంటే ఇంకో నిజాయితీ దారి ఉంది: నిజమైన సీపీఆర్, కొంత సమయానికి. "చేస్తాం, పూర్తిగా చేస్తాం. పది పదిహేను నిమిషాల్లో ఒళ్లు స్పందించే గుర్తేమీ కనబడకపోతే ఆపేస్తాం." అప్పుడు బోర్డు వీపు కిందికి వెళుతుంది, లోతు ఐదు సెంటీమీటర్లు ఉంటుంది, షీట్ మీద రాసిందంతా నిజమే అవుతుంది. ముందుగా చెప్పి కుదించడం వేరు, చెప్పకుండా నటించడం వేరు.

కుటుంబంలో ఒకరిని ఆ గదిలోనే, తల దగ్గర, పక్కన ఒక నర్సు తోడుగా నిలబడనివ్వడం కూడా ఆలోచించాలి. ఫ్రాన్స్‌లో 570 మంది బంధువులతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, సీపీఆర్ చూసే అవకాశం ఇచ్చినవాళ్లలో కన్నా ఇవ్వనివాళ్లలోనే మూడు నెలల తర్వాత పీడకలలు, కుంగుబాటు వంటి లక్షణాలు ఎక్కువ కనిపించాయి. వైద్యానికి దానివల్ల ఆటంకమూ కలగలేదు. చూస్తున్న కళ్ల ముందు స్లో కోడ్ చేయడం ఎవరి తరమూ కాదు.

రెండో వాదన భయం. చట్టం స్పష్టంగా లేనిచోట, బంధువులు చేయి చేసుకుంటారేమోనన్న చోట, రాత్రి ఒంటరిగా డ్యూటీలో ఉన్న ఇరవై ఆరేళ్ల డాక్టర్ ఏం చేయాలి? నిజాయితీగా చెప్పాలంటే ఆ క్షణంలో ఆ డాక్టర్‌ని తప్పుపట్టడం నా వల్ల కాదు. తప్పు పన్నెండు గంటల ముందు జరిగింది. పగలు రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ మంచం దగ్గర నిలబడి, "ఇక కష్టమే" అని ఇంగ్లిష్‌లో లోపల్లోపల అనుకుని, పక్క మంచానికి కదిలిపోయినప్పుడు జరిగింది. ఎవరు కుటుంబంతో కూర్చోవాలో వాళ్లు కూర్చోలేదు. ఆ బాకీని రాత్రి చిన్నవాడు తీరుస్తున్నాడు.

మన లెక్క తప్పితే?

నన్ను నిజంగా తడబడేలా చేసే అభ్యంతరం ఇది. మేలు జరగదని చెప్పడానికి డాక్టర్‌కి అంత ఖాయంగా తెలుసా? 2000లో క్రిస్టకిస్, లామంట్ అనే పరిశోధకులు, చివరి దశ రోగులను చూసుకునే హాస్పిస్‌లో చేరిన 468 మంది రోగుల గురించి వాళ్ల డాక్టర్లను అడిగారు, ఎన్నాళ్లు బతుకుతారని. దగ్గరగా చెప్పగలిగింది 20 శాతం మాత్రమే. అయితే తప్పు ఎటువైపు జరిగిందో చూడండి. 63 శాతం అంచనాల్లో, రోగి నిజంగా బతికినదానికన్నా ఎక్కువ కాలం చెప్పారు. రోగితో పరిచయం పెరిగేకొద్దీ తప్పు కూడా పెరిగింది. మనం తొందరపడి చేతులెత్తేస్తామన్నది లోకం భయం. మన అసలు జబ్బు దానికి అటువైపు ఉంది, ఆశతో ఆలస్యం చేస్తాం. అమెరికాలో తొమ్మిది వేలకు పైగా రోగులతో జరిగి 1995లో వచ్చిన సపోర్ట్ అధ్యయనంలో, సీపీఆర్ వద్దనుకున్న రోగుల కోరిక తెలిసిన డాక్టర్లు 47 శాతమే. సీపీఆర్ వద్దన్న ఆర్డర్లలో 46 శాతం చావుకి రెండు రోజుల లోపు రాసినవి.

అయినా అటువైపు భయం ఉత్తది కాదు. 2020లో కోవిడ్ తొలి నెలల్లో బ్రిటన్‌లో కొన్ని వృద్ధాశ్రమాల వాళ్లందరికీ, మేధో వైకల్యం ఉన్న కొందరికీ, ఎవరినీ అడగకుండా మూకుమ్మడిగా సీపీఆర్ వద్దన్న ఆర్డర్లు పడ్డాయన్న ఫిర్యాదులు వచ్చాయి. అక్కడి కేర్ క్వాలిటీ కమిషన్ విచారణ జరిపి 2021 మార్చిలో నివేదిక ఇవ్వాల్సి వచ్చింది. అంతకుముందు 2014లోనే ట్రేసీ కేసులో అక్కడి అప్పీలు కోర్టు తేల్చి చెప్పింది: రోగితో మాట్లాడకుండా ఆ ఆర్డర్ రాయకూడదు, బాధపడతారన్నది ఒక్కటే సాకు కాదు. డాక్టర్ సిఫారసు చేయాలని నేనంటున్నప్పుడు ఈ రెండూ ఎదురుగా పెట్టుకునే అంటున్నాను. ఈ మంచం మీది ఈ మనిషి గురించి, ఈ మనిషితోనో ఈ మనిషిని ఎరిగినవాళ్లతోనో మాట్లాడాక చేసేదే సిఫారసు. వయసు చూసి, వైకల్యం చూసి, జాబితా చూసి చేసేది సిఫారసు కాదు.

మాటల మహిమ ఇంకో చిక్కు. 2013లో బార్నాటో, ఆర్నాల్డ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో, బంధువు స్థానంలో నిర్ణయం తీసుకోమన్నప్పుడు, ప్రత్యామ్నాయాన్ని 'డీఎన్‌ఆర్' (డు నాట్ రిససిటేట్, అంటే సీపీఆర్ వద్దన్న ఆర్డర్) అని పిలిస్తే 61 శాతం మంది సీపీఆర్ కోరారు. దాన్నే 'సహజంగా పోనివ్వడం' అంటే 49 శాతమే. చేసే పని ఒకటే, పేరు మారింది. అయితే మంచి మాట వాడడం కూడా మెడ వంచడమేనా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. రంగు లేని మాటంటూ ఇక్కడ ఏదీ లేదన్నదే నాకు దొరికిన జవాబు. 'అన్నీ చేయమంటారా' అన్నది కూడా ఒక వైపుకి నెట్టే మాటే, పైగా చాలా గట్టిగా నెట్టేది. ఎటో ఒకవైపు మొగ్గక తప్పనప్పుడు, ఆ మొగ్గు పైకి కనబడేలా ఉండాలి. "నా అభిప్రాయం ఇదీ, కారణం ఇదీ" అంటే దాంతో విభేదించవచ్చు. ప్రశ్న వేషంలో వచ్చిన మొగ్గుతో ఎవరు విభేదించగలరు?

సంఖ్య చెప్పినా మనసు మారుతుంది, అది మాయ కాదు. 1994లో సగటున 77 ఏళ్లున్న 287 మందిని అడిగితే, ఉన్నట్టుండి జబ్బు చేసి గుండె ఆగితే సీపీఆర్ కావాలన్నవాళ్లు 41 శాతం. బతికే అవకాశం ఎంతో తెలిశాక అది 22 శాతానికి దిగింది.

ఆ ముప్పై నిమిషాలు

మరి ఎలా మాట్లాడాలి? ముందు కుటుంబంతో కాదు, మనలో మనం. క్యాన్సర్ డాక్టర్ ఒకటి, కిడ్నీ డాక్టర్ ఒకటి, ఐసీయూ ఒకటి చెబితే కుటుంబం ఎవరి మాటలో ఆశ ఉందో ఆ మాటే పట్టుకుంటుంది, పట్టుకోవడం న్యాయం కూడా. కాబట్టి ఫోన్లోనైనా సరే అయిదు నిమిషాలు మాట్లాడుకుని ఒక మాట మీదికి రావాలి. ఆ షిఫ్ట్ నర్సు తప్పకుండా లోపల ఉండాలి. మనం వెళ్లిపోయాక కుటుంబం "డాక్టర్ ఏమన్నాడమ్మా?" అని అడిగేది ఆమెనే.

కుర్చీలు కావాలి, కాస్త తలుపున్న గది కావాలి. రోగి మాట్లాడగలిగితే ఇదంతా రోగితోనే, వాళ్లు కోరినవాళ్లు పక్కన ఉండగా. మొదటి మాట మనది కాకూడదు. "ఇప్పటిదాకా మీకేం చెప్పారు, మీకెలా అనిపిస్తోంది?" అని అడిగి ఆగాలి. సియాటెల్‌లో 51 కుటుంబ సమావేశాలు రికార్డు చేసి చూసి 2004లో రాసిన అధ్యయనంలో, సగటున 32 నిమిషాల సమావేశంలో కుటుంబం మాట్లాడింది 29 శాతం సమయమే. వాళ్లు ఎక్కువ మాట్లాడిన చోట తృప్తి కూడా ఎక్కువ. తర్వాత ఒక హెచ్చరిక, "కష్టమైన మాట చెప్పాలి". ఆ వెంటనే చిన్న వాక్యం, 'చావు' అన్న అర్థం తప్పిపోకుండా: "నాన్నగారు ఈ జబ్బుతో చనిపోయే దశకి వచ్చారని మేం భయపడుతున్నాం." 'సీరియస్', 'క్రిటికల్', 'రెస్పాన్స్ తక్కువ' లాంటి మాటలు నెలరోజులుగా విని విని వాళ్లకి అర్థం కోల్పోయాయి. చెప్పాక నోరు మూసుకోవాలి. ఇరవై సెకన్ల మౌనం డాక్టర్‌కి యుగంలా ఉంటుంది, మాట్లాడేస్తాం, లాక్టేట్ లాంటి రక్తపరీక్ష విలువలు చెప్పడం మొదలుపెడతాం. అక్కడే సంభాషణ చేయిజారుతుంది.

తర్వాత అసలు ప్రశ్న. "మీకేం కావాలి" అని కాదు. "నాన్నగారు ఇక్కడే కూర్చుని ఇదంతా వింటుంటే ఏమనేవారు?" బిడ్డ భుజం మీంచి సగం బరువు దిగిపోయేది ఈ ప్రశ్నతోనే. "ఆయన మంచాన పడడం అంటేనే అసహ్యించుకునేవారండీ" అని ఎవరో ఒకరు అంటారు. "ఏం జరిగినా పోరాడమనేవారు" అని కూడా అనవచ్చు, అప్పుడు అదే సమాచారం. దాన్ని పట్టుకుని సిఫారసు: "మీరు చెప్పినదాన్ని బట్టి, యాంటీబయాటిక్స్, ఆక్సిజన్, నొప్పికి మందు అన్నీ కొనసాగిద్దాం. గుండె తనంతట తాను ఆగితే ఛాతీ నొక్కొద్దని నా సలహా." మనం చేసేవి ముందు, చేయనిది తర్వాత.

తేలనప్పుడు గడువు పెట్టుకోవచ్చు. మూడు రోజులు పూర్తి వైద్యం చేద్దాం, గురువారం ఉదయం మళ్లీ కూర్చుందాం, అప్పటికి నార్ అడ్రినలిన్ తగ్గిందా, మూత్రం వస్తోందా, వెంటిలేటర్ ఆక్సిజన్ దించగలిగామా అని చూద్దాం. గుర్తులు ముందే చెప్పాలి. గురువారం ఎవరు కూర్చుంటారో పేరుతో సహా రాయాలి, లేకపోతే గురువారం ఆదివారం అవుతుంది.

ఒక్కటి మాత్రం చేయకూడదు, మెనూ చదవకూడదు. "ట్యూబ్ వేయాలా? షాక్ ఇవ్వాలా? ఛాతీ నొక్కాలా? మందులివ్వాలా?" అని ఒక్కొక్కటే అడిగితే, వాళ్లు భయంకరంగా వినిపించేవి తీసేసి మెత్తగా వినిపించేవి ఉంచమంటారు. "మందులివ్వండి, ఛాతీ మాత్రం నొక్కొద్దు" అన్న ఆర్డర్ కేస్‌షీట్లలో కనబడేది అందుకే. గుండె ఆగాక చేతి సిరలో ఎక్కించిన అడ్రినలిన్ ఎవరూ ఛాతీ నొక్కకపోతే ఆ చేతిలోనే ఉండిపోతుంది. అర్థం లేని ఆ ఆర్డర్ కుటుంబం చేసిన తప్పు కాదు, అడిగినవాళ్ల తప్పు.

ఆర్డర్ రాశాక

డీఎన్‌ఆర్ ఆర్డర్ చెప్పేది ఒకే ఒక్క సంగతి, గుండె ఆగితే సీపీఆర్ వద్దని. ఆచరణలో అది మిగతా వైద్యం మీదికి పాకుతుంది. రౌండ్స్‌లో ఆ మంచం దగ్గర ఆగే సమయం తగ్గుతుంది, జ్వరం వస్తే ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ పరీక్ష పంపడానికి చేయి ముందుకు రాదు. కుటుంబాలు భయపడేది దీనికే, ఆ భయంలో న్యాయం ఉంది. కాబట్టి ఆర్డర్ పక్కనే, డయాలసిస్, వెంటిలేటర్, రక్తం, యాంటీబయాటిక్స్ ఏవి కొనసాగుతాయో విడివిడిగా రాయాలి. ఎవరెవరితో మాట్లాడారో, ఏమని చెప్పారో, ఎందుకనుకున్నారో నాలుగు వాక్యాలు రాయాలి. మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీ వేయాలి.

ఆపరేషన్‌కి వెళుతుంటే మళ్లీ మాట్లాడాలి, ఆర్డర్ దానంతటది కొనసాగదు, దానంతటది రద్దూ కాదు. నొప్పి తగ్గించడానికి తుంటి ఎముకకి చేసే ఆపరేషన్ మధ్యలో మత్తు మందు వల్ల గుండె ఆగితే అది చాలావరకు అప్పటికప్పుడు సరిచేయగలిగేది. ఎంతవరకు చేయాలో మత్తు డాక్టర్ ముందే రోగితో తేల్చుకోవాలి, ఆపరేషన్ తర్వాత పాత ఆర్డర్ ఎప్పుడు తిరిగి మొదలవుతుందో రాసుకోవాలి.

ఛాతీలో ఐసీడీ, అంటే లయ తప్పితే గుండెకి తానే షాక్ ఇచ్చే చిన్న యంత్రం, అమర్చి ఉన్నవాళ్ల సంగతి చాలాచోట్ల మర్చిపోతారు. సీపీఆర్ వద్దని రాస్తారు, లోపలి యంత్రానికి ఆ మాట ఎవరూ చెప్పరు. చివరి గంటల్లో లయ తప్పినప్పుడల్లా అది షాక్ ఇస్తూనే ఉంటుంది, చేయి పట్టుకుని కూర్చున్న భార్య ఎదుటే ఒళ్లు ఎగిరెగిరి పడుతుంది. షాక్ ఫంక్షన్ ఆపేయమని టెక్నీషియన్‌ని ముందురోజే పిలవాలి. ఆపితే గుండె ఆగదు, అవసరమైతే పేసింగ్, అంటే గుండెని కొట్టించే చిన్న విద్యుత్ సంకేతం, కొనసాగుతుంది, ఇది కుటుంబానికి చెప్పాలి. టెక్నీషియన్ దొరకని రాత్రి, యంత్రం ఉన్నచోట చర్మం మీద అయస్కాంతం పెట్టి టేపు వేస్తే చాలా పరికరాల్లో షాక్ ఆగుతుంది. ఆ అయస్కాంతం క్రాష్ కార్ట్ ఏ అరలో ఉందో నైట్ షిఫ్ట్ నర్సుకి తెలిసి ఉండాలి.

ఊపిరాడని బాధకి, మార్ఫిన్ అలవాటు లేనివాళ్లలో సిరలోకి రెండు రెండున్నర మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, పదిహేను నిమిషాలకి చూసి, బాధ తగ్గేదాకా మెల్లగా పెంచుతూ పోవచ్చు. కిడ్నీలు పనిచేయకపోతే ఫెంటనిల్ మేలు. గొంతులో గురగురకి తల ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి ఊట తగ్గించే గ్లైకోపైరొలేట్ 0.2 మిల్లీగ్రాములు ఇవ్వవచ్చు. ఆ శబ్దం రోగికన్నా వినేవాళ్లకే ఎక్కువ బాధ అని కూడా కుటుంబానికి చెప్పాలి. మానిటర్‌ని గది లోపల ఆపేసి బయట నర్సింగ్ స్టేషన్‌లో నడవనివ్వాలి. లేకపోతే అందరూ మనిషి మొహం వదిలేసి అంకెలు చూస్తూ కూర్చుంటారు. మంచం పక్క రెయిలింగ్ దించి, దగ్గరికి ఒక కుర్చీ జరపాలి.